ప్రత్యేక యంత్రాల డిజైన్ టీమ్‌ను నడపడం – 4వ పాఠం: రెండు డ్రాయింగుల మధ్య చోటు

పోయిన పాఠంలో కస్టమర్ మాటల్ని కొలతలుగా మార్చుకున్నాం. "బరువు మోయాలి" అంటే ఎన్ని కిలోలు, ఎంత వేడిలో, రోజుకు ఎన్నిసార్లు అని రాసి పెట్టుకున్నాం. ఇప్పుడు పని పంచాలి.

మామూలుగా భాగాలవారీగా పంచుతాం: ఫ్రేమ్ ఒకరికి, డ్రైవ్ ఇంకొకరికి, పై ప్లేటు మరొకరికి. అంతవరకు బాగానే ఉంది. మరి ఫ్రేమూ ప్లేటూ కలిసే చోటు ఎవరిది? వేలల్లో తయారయ్యే వస్తువైతే నమూనాలు చేసి, పరీక్షించి, దిద్దుకునే వీలుంటుంది. మనం చేసే మొదటి పీసే కస్టమర్ చేతికి వెళ్తుంది.

ఒక మీటరు అల్యూమినియం ప్లేటు స్టీలు ఫ్రేమ్ మీద కూర్చోవాలి. ప్లేటు డిజైనర్ రెండు చివర్లా డోవెల్ పిన్నులు (భాగాన్ని కచ్చితమైన చోట నిలిపే గుండ్రటి పిన్నులు) పెట్టారు, ఫ్రేమ్ డిజైనర్ వాటికి బిగుతైన రంధ్రాలిచ్చారు. విడివిడిగా చూస్తే రెండు డ్రాయింగులూ సరైనవే. యంత్రం నడుస్తుంటే వేడి 40 డిగ్రీలు పెరిగిందనుకోండి. మీటరుకు, డిగ్రీకి అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), స్టీలు సుమారు 12 మైక్రాన్లు సాగుతాయి. ప్లేటు 0.92 మి.మీ., ఫ్రేమ్ 0.48 మి.మీ. పెరుగుతాయి. తేడా 0.44 మి.మీ. డోవెల్ ఫిట్‌లో ఉండే సందు మైక్రాన్లలోనే, కాబట్టి ప్లేటు వంగుతుంది, లేదా పిన్నులూ రంధ్రాలూ దెబ్బతింటాయి. ఒక చివర గుండ్రటి రంధ్రం, రెండో చివర పొడవు దిశలో స్లాట్ (సాగిన రంధ్రం) ఇస్తే చాలు. బోల్టు రంధ్రాల్లోనూ ఆ కదలికకు చోటుండాలి. ఇంత తేలిక పరిష్కారం కూడా ఎవరికీ తట్టదు, ఎందుకంటే ఆ చోటును చూడమని మనం ఎవరికీ చెప్పలేదు.

అందుకే కలిసే ప్రతి చోటుకూ ఒక పేజీ రాయించండి. ఏ ముఖం దేనిమీద ఆనుతుంది, ఎంత లోడ్, ఎంత వేడి, ఎంత టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) అన్నవి అందులో ఉండాలి. బాధ్యుడి పేరు ఒక్కటే ఉండాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఒకరి మీద ఒకరు వదిలేస్తారు.

టాలరెన్స్ దగ్గర ఒక మాట. ±0.1 మి.మీ. ఉన్న భాగాలు ఐదు వరుసగా పేరిస్తే గరిష్ఠ తేడా ±0.5 మి.మీ. వర్గాల మొత్తానికి వర్గమూలం తీసే లెక్కలో సుమారు ±0.22 వస్తుంది. ఎక్కువ సంఖ్యలో తయారయ్యేవాటికి ఆ రెండో లెక్క పనికొస్తుంది. ఒక్కటే చేసే యంత్రానికి నేను దాన్ని నమ్మను, ±0.5 అనే లెక్కేసుకుని షిమ్‌కు (సందు పూడ్చే పలుచటి రేకుకు) చోటు వదలమంటాను.

రివ్యూలో ప్లేటు డ్రాయింగును ఫ్రేమ్ డిజైనర్ చేత వివరింపజేయండి. పక్కవారి పని అర్థం కాని చోట ఆగిపోతారు, మీరు వెతకాల్సింది అక్కడే. ఫిట్టర్‌ను తప్పకుండా పిలవండి. "ఈ బోల్టుకు స్పానర్ ఎలా పెట్టాలి?" అని ముందుగా అడిగేది ఆయనే.

ఈ వారం అభ్యాసం: మీ అసెంబ్లీ డ్రాయింగు ప్రింట్ తీసి, భాగాలు కలిసే ప్రతి చోటా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, పక్కన బాధ్యుడి పేరు రాయండి. పేరు లేని చోట్లను వెంటనే అప్పగించండి. ఏ డ్రాయింగు ముందు రిలీజ్ చేయాలో వచ్చే పాఠంలో ఆ ప్రింట్‌ను బట్టే తేలుస్తాం.