గోల్ఫ్ కార్ట్ గట్టు ఎక్కడం లేదా? బ్యాటరీలు కొనే ముందు కేబుళ్ల కొసన బోల్టుకు బిగించే లగ్గులు చూడండి

నా దగ్గరికి వచ్చే పాత ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్టుల్లో ఎక్కువ భాగం ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగేవే. మేత బస్తాలు వేసుకుని గట్ల మీద పోవడానికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండ్లు. ఫోన్ రాగానే మొదటి మాట ఒకటే: "బ్యాటరీలు పొయినాయన్నా, కొత్త సెట్టు వేయిస్తా." మీటర్ పెట్టి చూశారా అని అడిగితే "ఆ, 51 వోల్టులు చూపిస్తాంది" అంటారు. బండి ఆగి ఉన్నప్పుడు చూసిన లెక్క అది. దాన్ని నమ్మి ఎవరూ డబ్బు ఖర్చు పెట్టకండి. బ్యాటరీ సెట్టు అంటే మాటలు కాదు.

ఇక్కడ నేను చెప్పేది 8 వోల్టుల బ్యాటరీలు ఆరు ఉన్న 48 వోల్టుల బండి గురించి. చేతికి ఉంగరం, వాచీ తీసేసి, స్పానర్ పిడికి టేపు చుట్టుకుని పనిలోకి దిగండి.

అసలు కదలదు, క్లిక్ శబ్దం కూడా లేదు

టో/రన్ స్విచ్ (బండిని లాక్కెళ్లడానికా, నడపడానికా అని మార్చేది) రన్‌లో ఉందా? చార్జర్ ప్లగ్గు ఇంకా బండికే ఉందా? ప్లగ్గు ఉంటే చాలా బండ్లు కదలవు. తర్వాత తాళం స్విచ్, యాక్సిలరేటర్ కింది మైక్రో స్విచ్. ఈ నాలుగూ చూడకుండా కంట్రోలర్ (మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టె) విప్పకండి.

క్లిక్ వస్తుంది, బండి కదలదు

సోలనాయిడ్ (యాక్సిలరేటర్ నొక్కగానే కరెంటును కలిపే పెద్ద స్విచ్) పెద్ద బోల్టులు రెండింటి మీదా మీటర్ పెట్టి యాక్సిలరేటర్ నొక్కించండి. దాదాపు సున్నా రావాలి. వోల్టులు అలాగే నిలబడితే లోపలి కాంటాక్టులు కాలిపోయినట్టే, సోలనాయిడ్ మార్చండి. కొత్తది బిగించేటప్పుడు పాతదాని మీదున్న రెసిస్టర్‌ను మర్చిపోకుండా ఎక్కించండి. అది లేకపోతే కొత్త కాంటాక్టులు కూడా తొందరగా కాలతాయి.

చదునులో బాగానే పోతుంది, గట్టు ఎక్కేటప్పుడు చచ్చుబడుతుంది

దీని దగ్గరే అందరూ మోసపోయేది. ఫుల్ చార్జింగ్ ఉంటుంది, ఆగి ఉంటే మీటర్ నిండుగా చూపిస్తుంది, బరువు పడగానే బండి నీరసపడుతుంది. ముత్తుకూరు వైపు ఒకాయన ఈ లక్షణానికే ఆరు బ్యాటరీలూ మార్పించుకున్నాడు. వారం తిరగకముందే బండి మళ్లీ అదే గట్టు దగ్గర ఆగింది. కారణం బ్యాటరీలు కాదు, వాటిని కలిపే కేబుళ్లు.

గుంటల్లో ఏరియేటర్లు రాత్రింబవళ్లు ఉప్పునీటిని చిమ్ముతూనే ఉంటాయి. ఆ తేమ కేబుల్‌కూ లగ్గుకూ మధ్య దూరుతుంది. పైన నల్లటి స్లీవ్ (తొడుగు) నిగనిగలాడుతూ ఉంటుంది, లగ్గు తళతళలాడుతుంది, బోల్టు గట్టిగానే ఉంటుంది. బ్లేడుతో ఆ స్లీవ్ చీల్చి చూడండి. పచ్చటి చిలుము పొడిగా రాలుతుంది, లోపలి రాగి తీగలు నల్లబడి గోటితో గిల్లితే చాలు విరుగుతాయి. పైపైన ఉప్పుకాగితం రుద్ది బిగించినందువల్ల దీనికి ఏ ఉపయోగమూ లేదు, జబ్బు ఉన్నది లగ్గు లోపల.

దీన్ని పట్టుకోవాలంటే బండి లాగుతున్నప్పుడే కొలవాలి. బ్యాటరీలు సీటు కింద ఉంటాయి కాబట్టి మీటర్ వైర్లకు పొడవు తీగలు, క్లిప్పులు తగిలించి బయటికి తీయండి. ఒకరు నడపాలి, పక్కన కూర్చున్న మనిషి మీటర్ చూడాలి. బ్రేకు తొక్కిపెట్టి యాక్సిలరేటర్ ఇచ్చి కొలవడం మాత్రం వద్దు, మోటారు కాలుతుంది.

ముందు ఒక్కో బ్యాటరీ చూడండి. గట్టు ఎక్కేటప్పుడు అయిదు 7.8 దగ్గర నిలబడి ఒకటి 7 కిందికి జారితే అది నిజంగానే పోయింది. ఆరూ సమానంగా నిలబడితే వాటి లెక్క కూడండి. మొత్తం 47 వచ్చి, కంట్రోలర్ దగ్గర 42 మాత్రమే ఉంటే మధ్యలో 5 వోల్టులు ఏమైనట్టు? 150 ఆంపియర్లు లాగే బండిలో అది 750 వాట్ల వేడి. లగ్గుల్లోనూ, సోలనాయిడ్‌లోనూ కాలిపోతున్న కరెంటు అది.

ఇక జాయింటు జాయింటుకూ పోండి. ఒక క్లిప్పు ఈ బ్యాటరీ సీసపు టెర్మినల్‌కు, రెండోది అదే కేబుల్ రెండో కొస ఉన్న పక్క బ్యాటరీ టెర్మినల్‌కు. లగ్గు మీద పెడితే తప్పు దొరకదు, సీసం మీదే పెట్టాలి. ఎక్కుడులో 0.1 వోల్టు లోపు ఉంటే ఆ కేబుల్ మంచిది. 0.3 దాటితే తీసేయండి. దిగాక చెయ్యి దగ్గర పెట్టి చూస్తే ఆ లగ్గు సెగ కొడుతుంది.

ఒక్కటి చెడితే మిగతావీ అదే గాలి పీల్చినవే కదా, అన్నీ కలిపి మార్చండి. తగరం పూత ఉన్న 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేయండి. స్పీడ్ పెంచాలని పెద్ద కంట్రోలర్ వేసేవాళ్లకు ఇది తప్పనిసరి. లగ్గును సుత్తితో కొట్టి నొక్కకండి, హైడ్రాలిక్ క్రింపింగ్ ఉన్న షాపులో చేయించండి. లోపల జిగురు ఉండే స్లీవ్ వేయించి, బిగించాక పెట్రోలియం జెల్లీ రాయండి. ముందు రాసి తర్వాత బిగించడం కాదు.

ఎప్పుడూ ఒకే బ్యాటరీ పోతోంది

లైట్లకీ, హారన్‌కీ, పాటలకీ వైరు ఒకటి రెండు బ్యాటరీల నుంచే లాగి ఉంటారు. ఆ బ్యాటరీలు ఎప్పుడూ ఆకలితోనే ఉంటాయి. 48 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టి మొత్తం సెట్టు నుంచి తీసుకోండి. ఎండాకాలంలో డిస్టిల్డ్ వాటర్ తరచుగా చూడండి. చార్జింగ్ అయ్యాకే పోయాలి. ఆర్‌ఓ నీళ్లు, బోరు నీళ్లు వద్దు.

లిథియం వేశాక గట్టు మీద ఠక్కున ఆగిపోతోంది

బీఎంఎస్ (లిథియం బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కెపాసిటీ చాలలేదు. 100 ఆంపియర్ల బీఎంఎస్ పెట్టి 300 లాగే కంట్రోలర్ నడపలేరు. పాత లెడ్ యాసిడ్ చార్జర్‌ను కూడా దానికి తగిలించకండి.

చార్జర్ ఆన్ కావడం లేదు

వోల్టేజ్ బాగా పడిపోతే చాలా చార్జర్లు బ్యాటరీలను గుర్తించవు. ఒక్కో బ్యాటరీకి విడిగా కొంత చార్జింగ్ ఎక్కించి మళ్లీ పెట్టండి.

కంట్రోలర్, మోటారు వైండింగ్ పోవడం అరుదు. పైవన్నీ సరిగా ఉన్నాయని మీటర్ చెప్పిన తర్వాత, ముందు కార్బన్ బ్రష్షులు అరిగాయేమో చూసి, అప్పుడు వాటి జోలికి పోండి.