తపాలా పాఠాలు – 3: చిరునామాను అడుగు పంక్తి నుంచి నేర్చుకోవడం

గత పాఠంలో పోస్టుకార్డు, ఇన్‌లాండ్ లెటర్, కవరు అనే మూడింటిలో దేనిని ఏ అవసరానికి వాడాలో చూశాం. ఆ పాఠం చివర చెప్పినట్టు మీరు ఒక కవరు మీద మీ బంధువుల చిరునామా రాసి ఉంటే, దానిని ఇప్పుడు ఎదురుగా పెట్టుకోండి. ఈ పాఠమంతా ఆ కవరు మీదే సాగుతుంది.

మనలో చాలామంది పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు అనే వరుసలో పైనుంచి కిందికి రాసుకుంటూ వెళ్లి, మిగిలిన కాస్త చోటులో పిన్‌కోడ్‌ను ఇరికిస్తారు. ఉత్తరం చేతులు మారే క్రమం మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసే సార్టింగ్ ఆఫీసులో కవరును ఏ గడిలో వేయాలో తేల్చేది అడుగున ఉన్న పిన్‌కోడ్. బట్వాడా చేసే పోస్టాఫీసుకు చేరాక వీధినీ పేటనూ చూసి, అది ఏ పోస్టుమ్యాన్ బీటులోకి, అంటే అతను తిరిగే వీధుల్లోకి, వస్తుందో విడదీస్తారు. పేరుతో, ఇంటి నంబరుతో అసలు పని పడేది చివరగా, గుమ్మం ముందు నిలబడిన పోస్టుమ్యాన్‌కే. అందుకే చిరునామాను అడుగు పంక్తి నుంచి పైకి నేర్చుకోవాలని నేను పట్టుబడతాను.

పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ ఉన్నతాధికారి, సంస్కృత కవి కూడా. ఒకే పేరున్న ఊళ్లు దేశంలో అనేకం ఉండడం, చిరునామాలు రకరకాల భాషల్లో రావడం వల్ల సార్టింగులో కలుగుతున్న తికమకను పోగొట్టడానికే ఈ ఆరంకెల పద్ధతి పుట్టింది. రామాపురం, కొత్తపల్లి అనే పేర్లు మన రెండు రాష్ట్రాల్లోనే ఎన్ని ఉన్నాయో తలచుకుంటే ఆ అవసరం వెంటనే అర్థమవుతుంది.

ఉదాహరణకు 533101 తీసుకుందాం. మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలు ఉన్న తపాలా జోన్‌ను చెబుతుంది. మొదటి మూడంకెలు, అంటే 533, సార్టింగ్ జిల్లాను, అంటే తపాలా శాఖ తన పని కోసం చేసుకున్న విభాగాన్ని, చెబుతాయి. చివరి మూడంకెలు, అంటే 101, బట్వాడా చేసే పోస్టాఫీసును చూపుతాయి. ఇక్కడ అది రాజమహేంద్రవరం ప్రధాన తపాలా కార్యాలయం. కాకినాడ 533001, అమలాపురం 533201. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత ఈ మూడు పట్టణాలూ మూడు వేర్వేరు జిల్లాల్లోకి వెళ్లినా, పిన్‌కోడ్‌లో 533 మారలేదు. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న కొవ్వూరు ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నప్పటికీ దాని పిన్‌కోడ్ 534350గానే కొనసాగుతోంది. జిల్లా పేరు చూసి పిన్‌కోడ్‌ను ఊహించకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కొత్త జిల్లా పేరు తెలియక పాత పేరు రాసినా, పిన్‌కోడ్ సరిగా ఉంటే ఉత్తరం దారి తప్పదు. పిన్‌కోడ్ తప్పయితే జిల్లా పేరు ఎంత సరిగా రాసినా కవరు ముందు వేరే ఊరికి వెళ్లి రావచ్చు.

ఇప్పుడు మీ కవరు చూడండి. ఆరంకెలూ విడివిడిగా, ఒకదానినొకటి తాకకుండా ఉన్నాయా? మీ 1కీ 7కీ తేడా కొత్తవారికి తెలుస్తుందా? సందేహం ఉంటే ఆ పంక్తిని మళ్లీ రాయండి.

పై పంక్తికి వెళదాం. పల్లెటూరి చిరునామాలో ఊరి పేరు ఒక్కటే చాలదు, ఆ ఊరికి బట్వాడా చేసే పోస్టాఫీసు పేరు కూడా ఉండాలి. ‘గ్రామం, పోస్టు, మండలం’ అని మన పెద్దలు విడివిడిగా రాసే అలవాటు చాదస్తం కాదు. చాలా చిన్న ఊళ్లకు పక్క ఊరి బ్రాంచి పోస్టాఫీసు నుంచే ఉత్తరాలు వెళతాయి.

ఇంటి నంబరు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మన పట్టణాల్లో 12-4-31/1 వంటి నంబర్లు మామూలే. తొందరలో బాల్‌పెన్నుతో రాసినప్పుడు ఏటవాలు గీత నిలువుగా మారి 31/1 కాస్తా 3111 అయిపోతుంది. అడ్డగీత చెరిగితే 12-4 కాస్తా 124 అవుతుంది. అడ్డగీతలను కొంచెం పొడుగ్గా గీయండి, ఏటవాలు గీతను బాగా వాల్చండి. కింద ‘రామాలయం వెనుక’ వంటి కొండగుర్తు ఒకటి రాస్తే కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్‌కు మేలు చేసినవారవుతారు.

పేరు విషయంలో నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి చెప్పాలి. మా మేనత్తగారి ఊళ్లో ఒకే వీధిలో వెంకటేశ్వర్లు అనే పేరుగలవారు ముగ్గురుండేవారు. వారిలో ఒకరికి వచ్చిన ఇంటర్వ్యూ కాగితం మరొకరి ఇంటి చూరులో పదకొండు రోజులు ఉండిపోయింది, ఈలోగా ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. కవరు మీద ఇంటిపేరు లేదు, తండ్రి పేరూ లేదు. అప్పటి నుంచి పల్లెలకు రాసే ప్రతి ఉత్తరం మీదా ఈ రెండూ తప్పకుండా రాస్తున్నాను.

పంపేవారి చిరునామా ఎడమవైపు అడుగున గానీ, కవరు వెనుక గానీ ఉండాలి. అది లేకపోతే, బట్వాడా కాని ఉత్తరాన్ని తపాలా శాఖవారి రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసులో తెరిచి, లోపలైనా మీ ఆచూకీ దొరుకుతుందేమోనని వెతకవలసి వస్తుంది.

చిరునామాకు చట్టంలోనూ విలువ ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, తపాలా ద్వారా అందజేయవలసిన కాగితాన్ని సరైన చిరునామా రాసి, ముందుగా రుసుము చెల్లించి, రిజిస్టర్డ్ పోస్టులో (ఈ సేవ 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులో కలిసింది) పంపితే, అందలేదని అవతలివారు రుజువు చేయనంతవరకూ అది అందినట్టే భావిస్తారు. అద్దె ఇంటి నోటీసులు, బాకీ నోటీసులు పంపేవారు ఇందులో ‘సరైన చిరునామా’ అన్న మొదటి షరతును గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఈ వారం అభ్యాసం: ఒక పల్లె, ఒక పట్టణం, ఒక పరాయి రాష్ట్రపు ఊరు ఎంచుకుని మూడు చిరునామాలను పిన్‌కోడ్‌తో మొదలుపెట్టి పైకి రాయండి. మూడవదానిలో ఊరి పేరు, రాష్ట్రం పేరు ఇంగ్లీషులో కూడా రాయండి. ఆ తరువాత కవరును చేయి చాచినంత దూరంలో పట్టుకుని, మీ ఇంట్లో మరొకరి చేత పైకి చదివించండి. వారు తడుముకున్న అక్షరాల కింద గీత గీసి ఉంచుకోండి. స్పీడ్ పోస్టు, రిజిస్ట్రేషన్ల గురించి చెప్పే నాలుగవ పాఠంలో ఆ కవర్లతోనే పని ఉంటుంది.