హబ్ మోటార్ కోసం ఫోర్కు గాడి అరగదీస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

సైకిలును ఎలక్ట్రిక్‌గా మార్చడానికి ముందు చక్రం మధ్యలో బిగించేదే హబ్ మోటార్. మామూలు సైకిలు ముందు ఫోర్కు (చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) చివర ఇరుసు కూర్చునే గాడి 8 లేదా 9 మి.మీ. వెడల్పుంటుంది. హబ్ మోటార్ యాక్సిల్ (ఇరుసు) ఎక్కువగా 12 మి.మీ. గుండ్రం, రెండు పక్కలా చదును చేసినచోట 10 మి.మీ. కాబట్టి గాడి అరగదీయక తప్పదు. ఏ ఫోర్కునైనా అరగదీయొచ్చనుకోవడమే తప్పు. అయస్కాంతం అంటుకుంటే స్టీలు, పని మొదలుపెట్టొచ్చు. అల్యూమినియం అయితే వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. సస్పెన్షన్ ఫోర్కుల కింది కాళ్లు చాలావాటికి మెగ్నీషియం పోత. కార్బన్ సంగతి చెప్పనక్కర్లేదు. ఈ మూడింటికీ ముందు చక్రంలో మోటార్ వద్దు.

మోటార్ చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే యాక్సిల్ అంతే బలంగా వెనక్కి తిరగబోతుంది. దాన్ని ఆపేవి నట్టు బిగువు, గాడి అంచులు. నట్టు వదులైతే భారమంతా అంచుల మీదే. యాక్సిల్ మీద చదును భాగం ఎత్తు 6.6 మి.మీ. మాత్రమే. అందుకే 40 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలాన్ని, అంటే టార్క్‌ను రెండు వైపులా పంచుకున్నా, ఒక్కో పక్క మూలల దగ్గర దాదాపు 300 కిలోల నెట్టు పడుతుంది. అంచు తెరుచుకుందా, యాక్సిల్ గిర్రున తిరిగి వైర్లను మెలిపెట్టి తెంపేస్తుంది. మోటార్‌కు కరెంటు తెచ్చే ఫేజ్ వైర్లు ఒకదానికొకటి తగిలితే మోటార్‌ను నడిపే కంట్రోలర్ పోయినట్టే.

గ్రైండర్ జోలికి పోవద్దు, చదునైన ఆకురాయి చాలు. 9 మి.మీ. గాడి అయితే ఒక్కో అంచున అర మి.మీ. తీయాలి. ఒకే అంచు తింటే చక్రం వంకరగా కూర్చుంటుంది. నాలుగు రుద్దులకోసారి యాక్సిల్ పెట్టి చూడండి. చేత్తో నొక్కితే దిగాలి, దిగాక ఆడకూడదు. వాషర్ కింద పెయింట్ గీకేయాలి, లేకపోతే అది నలిగి నట్టు వదులవుతుంది. గాడి చుట్టూ గుండ్రటి గుంట ఉంటే అందులో సరిగ్గా ఇమిడే వాషర్ వేయండి. గుంట అంచు మీద కూర్చున్న వాషర్ వంగుతుంది.

ఫోర్కు కాళ్ల మధ్య కొలత 100 మి.మీ. ఉండాలి. స్టీలును రెండు మూడు మి.మీ. సాగదీయొచ్చు. అంతకు మించితే చివర్లు సమాంతరంగా ఉండవు, నట్టు ఒక పక్కే ఆనుతుంది.

టార్క్ ఆర్మ్ లేకుండా నడపొద్దు. యాక్సిల్ తిరగకుండా ఫోర్కుకు కట్టేసే పట్టీ అది: 4 మి.మీ. మందం పైబడిన స్టీలు, యాక్సిల్‌కు బిగుతుగా సరిపోయే గాడి. 250 వాట్లకు ఒకటి చాలు. రీజెన్ బ్రేకింగ్ (బ్రేకు వేసినప్పుడు మోటారే బ్యాటరీని ఛార్జ్ చేయడం) ఉంటే యాక్సిల్ రెండు దిక్కులా నలుగుతుంది, అప్పుడు రెండు పెట్టాలి. పట్టీని ఫోర్కుకు వెల్డింగ్ చేయిస్తే మోటార్ చక్రం ఊడదీసి దూరంగా పెట్టండి, కరెంటు బేరింగుల గుండా పోతే అవి పాడవుతాయి.

వైరు బయటికొచ్చే రంధ్రం కిందికి చూడాలి, లేకపోతే వాన నీళ్లు వైరు వెంట మోటార్‌లోకి పోతాయి. నట్లు సుమారు 40 న్యూటన్ మీటర్లకు బిగించండి. పానా మీద కాలేసి తొక్కొద్దు, వైరు వెళ్లే పక్క యాక్సిల్ లోపల బోలుగా ఉంటుంది. నట్లు బిగించకముందే “తిరుగుతుందా చూద్దాం” అని థ్రాటిల్ తిప్పేవాళ్లుంటారు, వైర్లు తెగేది ఎక్కువగా అప్పుడే. పని పూర్తయ్యేదాకా బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి ఉంచండి. మొదటి 20, 30 కి.మీ. తర్వాత నట్లు మళ్లీ బిగించాలి.