కాపర్ బుల్లెట్‌కి మారాక రైఫిల్ సరిగ్గా కొట్టట్లేదా? ముందు ట్విస్ట్ చూడండి

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి లెడ్ బుల్లెట్లు పూర్తిగా బంద్ కదా, అప్పట్నుంచి ఇక్కడ జింకలకీ అడవి పందులకీ వెళ్ళే మనవాళ్ళ దగ్గర ఒకటే గోల, ఇన్నేళ్ళు చక్కగా కొట్టిన రైఫిల్ కాపర్ తూటా వేసేసరికి ఎటుపడితే అటు కొడుతోందని. వెంటనే స్కోప్ మార్చేస్తారు, అదీ కాకపోతే ఏకంగా రైఫిలే అమ్మేస్తారు. బ్యారెల్ మీద ఏం రాసుంది, బాక్స్ మీద ఏం రాసుంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు మాత్రం దొరకరు. అందుకే లక్షణం చూసి కారణం పట్టుకునేలా రాస్తున్నా. జీరో చేయడం (స్కోప్ గురీ తూటా తగిలే చోటూ ఒకటయ్యేలా సరిచేయడం), క్లీనింగ్, సేఫ్టీ మీకు వచ్చనే అనుకుంటున్నా.

గ్రూప్ బాగానే ఉంది, చోటు మారింది

గ్రూప్ అంటే ఒకే గురికి వరసగా కొట్టిన తూటాల రంధ్రాల గుంపు. అది దగ్గరగానే ఉండి చోటు మాత్రం మారితే సమస్యే కాదు. బుల్లెట్ బరువూ వేగమూ మారితే బ్యారెల్ అదురు మారుతుంది, తగిలే చోటూ మారుతుంది. 100 గజాల దగ్గర రెండు మూడు అంగుళాలు జరగడం మామూలే. కొత్త తూటాతో మళ్ళీ జీరో చేస్కోండి, అంతే.

గ్రూప్ చెదిరిపోయింది, కానీ రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయి

ముందు స్కోప్ బేస్ స్క్రూలు, రింగ్ స్క్రూలు, స్టాక్‌ని పట్టుకునే యాక్షన్ స్క్రూలు చూడండి, చేత్తో తిప్పి చూసి గట్టిగానే ఉన్నాయిలే అనుకోకుండా టార్క్ రెంచ్‌తో చూడండి. దయచేసి ఈ పని మొదట చేయండి, రెండు బాక్సుల తూటాలు తగలేశాక కాదు.

అవి బాగుంటే బ్యారెల్ లోపల చూడాలి. పాత జాకెట్ బుల్లెట్లు (లోపల సీసం, పైన రాగి తొడుగు ఉన్నవి) వదిలిన పొర మీద కాపర్ బుల్లెట్లు కొడుతూ పోతే చాలా బ్యారెల్స్ మొండికేస్తాయి. కాపర్ సాల్వెంట్ పట్టించి, ప్యాచ్ మీద నీలం రంగు రావడం ఆగేదాకా తుడవండి. ఇత్తడి జాగ్ (రాడ్ చివర ప్యాచ్‌ని పట్టుకునే ముక్క) వాడితే సాల్వెంట్ దాన్నే కరిగించి ప్యాచ్‌ని నీలం చేస్తుంది, ఎంత తుడిచినా బ్యారెల్ శుభ్రం కానట్టే కనిపిస్తుంది, కాబట్టి ప్లాస్టిక్ జాగ్ పెట్టండి. తర్వాత కాపర్ తూటాలు ఓ నాలుగైదు కొట్టాకే గ్రూప్ చూడండి.

రంధ్రాలు కోలగా ఉన్నాయి, లేదా 100లో బాగుండి 200లో పాడవుతోంది

అసలు విషయం ఇక్కడుంది. అందర్నీ ఎక్కువ ఏడిపించేది ఇదే, ఎందుకంటే రైఫిల్‌లో ఏ లోపమూ కనపడదు, తూటాలోనూ కనపడదు. లోపం ఆ రెండింటి జతలో ఉంటుంది.

బుల్లెట్ నిలకడగా వెళ్ళాలంటే బొంగరంలా తిరగాలి, బొంగరం వేగం తగ్గితే తల ఊపుతుంది చూడండి, అదే ఇక్కడా జరుగుతుంది. ఆ తిప్పుడు ఇచ్చేది బ్యారెల్ లోపలి గాడుల ట్విస్ట్. 1:10 అంటే 10 అంగుళాలకి ఒక చుట్టు, 1:12 అంటే 12 అంగుళాలకి ఒక చుట్టు, అంటే నెమ్మది. ఎంత ట్విస్ట్ కావాలన్నది బుల్లెట్ బరువు కంటే పొడవు మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఇక్కడే అందరూ దెబ్బతినేది. సీసం సాంద్రత 11.3, రాగిది 8.96. కాబట్టి అదే బరువు రాగిలో రావాలంటే బుల్లెట్ పొడుగు పెరగాల్సిందే. పాత బాక్స్ మీద 168 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత), కొత్త బాక్స్ మీదా 168 గ్రెయిన్లు, రెండూ ఒకటే అనుకుని కొనేస్తారు, కానీ మీ బ్యారెల్‌కి అది ఇంకా బరువైన లెడ్ బుల్లెట్‌లా అనిపిస్తుంది.

అంకెల్లో చెప్తా. నిలకడ లెక్కకి మిల్లర్ ఫార్ములా అని ఒకటుంది, అందులో 1.5 వస్తే నిశ్చింత, 1 కంటే తగ్గితే బుల్లెట్ పల్టీలే. పాత .308 బోల్ట్ రైఫిళ్ళు చాలావాటికి 1:12 ట్విస్ట్. అందులో 168 లెడ్ బుల్లెట్‌కి దాదాపు 1.7 వస్తుంది, అదే బరువు కాపర్‌కి 1.2 దగ్గరికి పడిపోతుంది. ఈ 1.2 అనేదే దొంగ. పూర్తిగా పాడైతే కాగితం మీద అడ్డంగా పడిన రంధ్రం కనిపించి తెలిసిపోతుంది, 1.2లో అలా కాదు, 100 గజాల దగ్గర గుండ్రని రంధ్రాలు, అంగుళంపావు గ్రూప్, అంతా బాగుందనుకుని వెళ్ళిపోతారు. ఎండాకాలంలో ఆరువేల అడుగుల ఎత్తున సియెర్రా కొండల్లో జీరో చేస్తే ఇంకా మోసం, పలచని గాలిలో అదే లెక్క 1.5 దాకా లేస్తుంది. అదే రైఫిల్ పట్టుకుని జనవరిలో తీరం వైపు పందులకి వెళ్తే, అక్కడ చల్లటి చిక్కటి గాలి, లెక్క 1.1కి దిగుతుంది.

ఇంకా వేగంగా వెళ్ళే ‘హాట్’ తూటా కొంటే సరిపోతుందిగా అంటారు. సరిపోదు. వేగం పెరిగితే ఈ నిలకడ చాలా కొంచెమే పెరుగుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1955లో అమెరికా తుపాకుల కంపెనీ రెమింగ్టన్ .244 తూటా తెచ్చింది, అదే ఏడాది దాని పోటీ కంపెనీ విన్చెస్టర్ .243 తెచ్చింది. రెమింగ్టన్ వాళ్ళు 1:12 ట్విస్ట్ పెట్టారు, చిన్న జంతువుల కోసం తేలిక బుల్లెట్లు చాలనుకుని. విన్చెస్టర్ 1:10 పెట్టి 100 గ్రెయిన్ల జింక తూటా కూడా ఇచ్చింది. ఒకే రైఫిల్‌తో రెండు పనులూ కావాలన్న జనం .243 వైపే వెళ్ళారు. రెమింగ్టన్ తర్వాత 1:9కి మార్చి, 1963లో 6ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చినా ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. .30-06 వాళ్ళకి ఈ బాధ అరుదు, దాని ట్విస్ట్ మొదట్నుంచీ 1:10, 220 గ్రెయిన్ల పొడుగు బుల్లెట్ కోసం పెట్టింది. అన్నిటికీ పనికొచ్చే రైఫిల్ అని దానికి పేరు రావడానికి ఇదీ ఒక కారణమే.

ట్విస్ట్ ఎంతో బ్యారెల్ మీద రాసి లేకపోతే కొలవండి. బోల్ట్ తీసేయండి, చాంబర్ ఖాళీగా ఉందని కళ్ళతో చూడండి. పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతైన ప్యాచ్ పెట్టి లోపలికి తోయండి. రాడ్ పైభాగాన టేపు ముక్క అంటించి, రిసీవర్ అంచు దగ్గర రాడ్ మీద పెన్సిల్ గీత పెట్టండి. మెల్లగా వెనక్కి లాగుతుంటే టేపు తిరుగుతుంది, అది సరిగ్గా ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకి వచ్చేసరికి అదే అంచు దగ్గర ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరమే మీ ట్విస్ట్. ప్యాచ్ వదులైతే జారి తప్పు లెక్క వస్తుంది, కాబట్టి మూడుసార్లు చేయండి.

తర్వాత 100లో ఒకటి, 200లో ఒకటి గాలి లేనప్పుడు గ్రూప్‌లు కొట్టండి. 100లో అంగుళంపావు వస్తే 200లో రెండున్నర రావాలి. నాలుగు, ఐదు వస్తే అనుమానం ఇటే. టార్గెట్ కాగితాన్ని అట్ట మీద బిగుతుగా కొట్టండి, వదులు కాగితం చిరిగి గుండ్రటి రంధ్రం కూడా కోలగా కనిపిస్తుంది. కోల రంధ్రానికి ఒక పక్కనే నల్లటి మరక ఉంటే బుల్లెట్ వంగి తగిలినట్టే.

పరిష్కారానికి రైఫిల్ మార్చనక్కర్లేదు. ఒక మెట్టు తేలిక బుల్లెట్‌కి దిగండి, .308లో 168 బదులు 150, లేదా 130. తేలికైంది జంతువుని ఆపదేమో అని భయం వద్దు, లెడ్ బుల్లెట్ లోపల ముక్కలై బరువు పోగొట్టుకుంటుంది, కాపర్‌ది దాదాపు అంతా మిగులుతుంది, అందుకే తేలికదే లోతుగా దిగుతుంది. .223కి 1:12 ట్విస్ట్ ఉంటే 62 గ్రెయిన్ల కాపర్ జోలికే వెళ్ళొద్దు.

బాగానే తగిలింది, జంతువు మాత్రం పారిపోయింది

గ్రూప్ సరిగ్గా ఉండీ సన్నని రంధ్రంతో బుల్లెట్ అటువైపు దూసుకెళ్ళిపోతే, ఒకటి పైన చెప్పిన ఊపుడు, వంగి తగిలిన కాపర్ బుల్లెట్ ముక్కు సరిగ్గా విచ్చుకోదు. రెండోది వేగం చాలకపోవడం. చాలా కాపర్ బుల్లెట్లు విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకి 1800 నుంచి 2000 అడుగుల వేగం కావాలి, లెడ్‌కి అంత అక్కర్లేదు. పొట్టి బ్యారెల్‌తో దూరం కొడితే అది ఉండదు. మీ బ్యారెల్ నుంచి అసలు ఎంత వేగం వస్తుందో క్రోనోగ్రాఫ్‌తో కొలిచి, వేగం ఆ హద్దు కంటే కిందికి పడిపోయే దూరానికి ముందే ఆగిపోండి. గాయపడి వెళ్ళిపోయిన జింక ఎక్కడో పడి రెండ్రోజులు నరకం పడుతుంది, ఇందులో మొహమాటం వద్దు.

మిగిలినవి

మజిల్ (బ్యారెల్ మూతి) దగ్గర అంచు దెబ్బతినడం, థ్రోట్ (చాంబర్ దాటాక గాడులు మొదలయ్యే చోటు) అరిగిపోవడం, స్కోప్ లోపల విరగడం, ఇవన్నీ ఉంటాయి కానీ అరుదు, పైవన్నీ చూశాకే గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళండి. సరిపోయే తూటా దొరికాక అదే లాట్ నంబర్‌వి (ఒకే విడతలో తయారైనవి) సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనుక్కోండి, లాట్ మారితే వేటకి ముందు మూడు తూటాలు కాగితం మీద కొట్టి చూడండి.