ఇంట్లో బడి పెట్టబోయి ఇంకో స్కూలే పెట్టాను

నాలుగో తరగతి మధ్యలో పాపను బడి మాన్పించాం. మా తిరుపతి ఇంట్లో ముందుగదినే క్లాసుగా మార్చేసి, తొమ్మిది నుంచి మూడు దాకా పీరియడ్లు రాసి గోడకు అంటించాను. పది రోజులకే పాప ఏడుపు, నాకు గొంతునొప్పి. మా అత్తయ్య మాత్రం "చెప్పానా!" అన్నట్టు చూసేది.

టైంటేబుల్ చించేశాను. నెల రోజులు పుస్తకమే ముట్టలేదు. రైతుబజారుకు సంచీ పట్టుకుని నాతో వచ్చేది. కిలో టమాటా 28 అయితే ముప్పావు కిలో ఎంత? వేళ్లు మడిచి, "అర 14, పావు 7... 21 కదమ్మా" అంది. భిన్నాలంటే వణికిన పిల్లే! వాన పడ్డాక కపిలతీర్థం జలపాతం చూసి, కొండ మీద ఇన్ని నీళ్లెక్కడివని తనే అడిగింది. ఆ వారమంతా అదే పాఠం.

ఇప్పుడు పొద్దున రెండు గంటలే చదువు. పరీక్షల టెన్షన్ ఉండేది. 14 ఏళ్లు నిండితే ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయొచ్చని తెలిశాక అదీ తగ్గింది. తెలుగు దస్తూరీ మాత్రం ఇంకా కోడి గెలికినట్టే ఉంది.