రాజ్యాంగం సోషలిజమే పాటించాలంటుందా? మీరే చదివి ఇలా తేల్చుకోండి

"రాజ్యాంగ పీఠికలో 'సామ్యవాద' (సోషలిస్టు) అని ఉంది కదా, మరి ప్రభుత్వ కంపెనీలను ఎలా అమ్ముతారు?" అని ఎవరైనా అడిగితే వాదనకు దిగే ముందు రాజ్యాంగం తెరవండి, కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్లో ఉచితంగానే దొరుకుతుంది.

పీఠిక దగ్గరే ఆగిపోకండి. ఆ మాట 1950లో లేదు, ఎమర్జెన్సీలో, 1976లో 42వ సవరణతో వచ్చింది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో కె.టి. షా అనే సభ్యుడు ఆ మాటను ఒకటో అధికరణలో చేర్చమంటే అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆర్థికంగా ఎలా నడుచుకోవాలో కాలాన్ని బట్టి ప్రజలే నిర్ణయించుకోవాలి, రాజ్యాంగంలో రాసి వాళ్ల చేతులు కట్టేయకూడదు అన్నారు. అదే ప్రసంగంలో, ఆదేశిక సూత్రాల్లో (ప్రభుత్వం ఎలా పాలించాలో రాజ్యాంగం చెప్పే మార్గదర్శకాల్లో) ఆ దిశ ఎలాగూ ఉందనీ చెప్పారు. చాలామంది ఇందులో తమకు నచ్చిన సగమే చెబుతారు, మీరు రెండూ చదవండి.

తర్వాత ఆ ఆదేశిక సూత్రాల్లోనే ఉన్న 39వ అధికరణ. వనరుల యాజమాన్యం అందరి మేలుకు పనికొచ్చేలా పంచాలి, సంపద కొద్దిమంది దగ్గరే పోగుపడకూడదు అంటుంది. వెంటనే 37వ అధికరణ చూడండి: ఆదేశిక సూత్రాలు పాలనకు మూలసూత్రాలే, కానీ కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం. ఇక 19(1)(జి) వ్యాపారం చేసుకునే హక్కు ఇస్తుంది, 19(6) మాత్రం ప్రభుత్వం ఏదైనా వ్యాపారాన్ని పూర్తిగా తన చేతిలోకి తీసుకోవచ్చంటుంది. అంటే రెండు దారులూ తెరిచే ఉన్నాయి. అందుకే 1969లో బ్యాంకుల జాతీయీకరణా, 1991లో పి.వి. నరసింహారావు సంస్కరణలూ ఒకే రాజ్యాంగం కింద జరిగాయి.

తీర్పుల్లో 2024 నవంబరులో వచ్చిన రెండూ తప్పకుండా చూడండి. ప్రతి ప్రైవేటు ఆస్తీ 39(బి), అంటే 39లో వనరుల పంపకం గురించిన భాగం, చెప్పే 'సమాజ వనరు' కాదని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం మెజారిటీతో తేల్చింది. అదే నెలలో మరో ధర్మాసనం పీఠికలోని ఆ మాటను తీసేయడానికి ఒప్పుకోలేదు, దానర్థం సంక్షేమ రాజ్యమనీ, ఫలానా ఆర్థిక విధానమే పాటించాలని కాదనీ చెప్పింది. నాకు ఇదే సరైన అర్థం అనిపిస్తుంది.

ఒక కంపెనీ అమ్మకం గురించి తేల్చాలంటే మాత్రం అది ఏ చట్టంతో ప్రభుత్వపరం అయిందో వెతకండి. విశాఖలో రిఫైనరీ ఉన్న హెచ్‌పీసీఎల్‌ను అమ్మబోతే 2003లో సుప్రీంకోర్టు ఆపింది, కారణం సోషలిజం కాదు: పార్లమెంటు చట్టం చేసి తీసుకున్న కంపెనీని, ఆ చట్టం మార్చకుండా ప్రభుత్వం అమ్మకూడదని.