‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ ఎందుకొస్తుంది? ఇంగ్లీషు క్రియలు, ప్రిపొజిషన్లు: సమస్య - పరిష్కారం

మెయిల్ అంతా రాసేసి, పంపే ముందు ‘డిస్కస్డ్’ అంటే చాలా, ‘డిస్కస్డ్ అబౌట్’ అనాలా అని ఆగిపోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లల దరఖాస్తులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల మెయిళ్లు దిద్దుతున్నాను. అవే తప్పులు మళ్లీ మళ్లీ చూశాక నాకు తెలిసిందేమిటంటే, ఇవి అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు. మనసులో తెలుగు వాక్యం ముందే తయారైపోతుంది, దాని విభక్తిని మనం తెలియకుండానే ఇంగ్లీషులోకి మోసుకుపోతాం. ఏ విభక్తి మోసుకొచ్చామో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

సమస్య 1: ‘వీ డిస్కస్డ్ అబౌట్ ద శాలరీ’

కారణం: బడిలో వల్లె వేసింది గుర్తు తెచ్చుకోండి. ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి - ద్వితీయా విభక్తి’. ‘గురించి’ ఉన్నది ని, ను పక్కనే! అందుకే ‘జీతం విషయాన్ని చర్చించాం’ అన్నా ‘జీతం గురించి చర్చించాం’ అన్నా మన చెవికి తేడా తెలియదు. ఇంగ్లీషులో మాత్రం ‘డిస్కస్’ అనే మాటలోనే ఆ ‘గురించి’ ఇమిడి ఉంది, మళ్లీ ‘అబౌట్’ పెడితే రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది, నా లెక్కలో ఇదే పెద్దది. ‘ఎ డిస్కషన్ అబౌట్ శాలరీ’ అనేది తప్పు కాదు. ఇలాంటి మాటల్లో నామవాచకానికి ప్రిపొజిషన్ కావాలి, అదే మాట క్రియ అయినప్పుడు అక్కర్లేదు. ‘రిక్వెస్ట్’, ‘ఆర్డర్’, ‘విజిట్’ లాంటివి నామవాచకంగానూ క్రియగానూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అక్కడ ఇంకా తికమక.

పరిష్కారం: ఆ మాట ముందు ‘ఎ’ గానీ ‘మై’ గానీ ఉందా చూడండి. ఉంటే నామవాచకం, ప్రిపొజిషన్ పెట్టండి: ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’, ‘ఎన్ ఆర్డర్ ఫర్ టూ బిర్యానీస్’, ‘ఎ విజిట్ టు తిరుపతి’. పని చేసినట్టు చెబుతుంటే క్రియ, తీసెయ్యండి: ‘ఐ రిక్వెస్టెడ్ లీవ్’, ‘వీ ఆర్డర్డ్ టూ బిర్యానీస్’, ‘వీ విజిటెడ్ తిరుపతి’. ‘ఎంఫసిస్ ఆన్’ సరే, ‘ఎంఫసైజ్ ఆన్’ కాదు. ‘లాక్ ఆఫ్ టైమ్’ సరే, ‘హి లాక్స్ ఆఫ్ టైమ్’ కాదు.

సమస్య 2: ‘కాల్ టు మి’, ‘ఐ టోల్డ్ టు హిమ్’, ‘వీ రీచ్డ్ టు ద స్టేషన్’

ఇది ‘కి, కు’ చేసే పని. నాకు ఫోన్ చెయ్యి, ఆయనకి చెప్పాను, స్టేషన్‌కి చేరాం అంటాం కదా, ఆ ‘కి’ నేరుగా ‘టు’ అయిపోతుంది. కాల్, టెల్, రీచ్, ఆన్సర్, హెల్ప్, కాంటాక్ట్, ఇన్ఫార్మ్, వీటి తర్వాత మనిషి గానీ చోటు గానీ నేరుగా వచ్చేస్తుంది, ‘టు’ వద్దు. చేరడానికే ‘అరైవ్’ వాడితే మళ్లీ వేరు: స్టేషన్ లాంటి చోటికైతే ‘అరైవ్ ఎట్’, హైదరాబాద్ లాంటి ఊరికైతే ‘అరైవ్ ఇన్’.

చిక్కేమిటంటే, ‘టు’ తప్పు అని ఒకసారి ఎవరైనా చెప్పగానే మనవాళ్లు అన్నిచోట్లా తీసేస్తారు. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’, ‘రిప్లై మి’, ‘హి సెడ్ మి’, ‘లిజన్ మి’ అలా పుట్టినవే. ఎక్స్‌ప్లెయిన్, సే, రిప్లై, సజెస్ట్, డిస్క్రైబ్ పక్కన మనిషిని చెప్పాలంటే ‘టు’ ఉండాల్సిందే. లిజన్‌కి పాటలైనా సరే ‘టు’ కావాలి.

ఏది ఏ గుంపులోదో చెప్పే సూత్రం లేదు, కానీ ఒక అలవాటు బాగా పనిచేస్తుంది. ‘ఎక్స్‌ప్లెయిన్’ అనగానే మనిషిని కాకుండా విషయాన్ని పెట్టండి. ‘ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్...’ అన్నాక ‘టు మి’ దానంతట అదే నోటికొస్తుంది. టెల్, సే కోసం ‘టోల్డ్ మి’, ‘సెడ్ టు మి’ అని జంటగా పది సార్లు పైకి చదవండి.

సమస్య 3: ‘ఐ జాయిన్డ్ ఇన్ ఎ కాలేజ్’

కాలేజీలో చేరాను, గదిలోకి వచ్చాను. ఇక్కడ ‘లో’ పనిచేస్తోంది. కాలేజీకైనా కంపెనీకైనా ‘జాయిన్డ్’ ఒక్కటి చాలు, గదికి ‘ఎంటర్డ్’ చాలు. కానీ ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఇలాంటి క్రియల్లో కొన్నింటికి ప్రిపొజిషన్ పెడితే అర్థమే మారిపోతుంది. గదిలోకి వెళ్తే ‘ఎంటర్’, ఒప్పందం కుదుర్చుకుంటే ‘ఎంటర్ ఇన్‌టు’. అందరూ పాడుతుంటే మనమూ గొంతు కలిపితే ‘జాయిన్ ఇన్’. మీటింగ్‌కి వెళ్తే ‘అటెండ్’, పేషెంట్‌ని చూసుకుంటే ‘అటెండ్ టు’. భోజనం డబ్బులు ఇస్తే ‘పే ఫర్ ద మీల్’, బిల్లు కడితే ‘పే ద బిల్’.

నాకు బాగా నచ్చే జత ‘సెర్చ్’. ‘సెర్చ్ ద బ్యాగ్’ అంటే బ్యాగులో వెతకడం, ‘సెర్చ్ ఫర్ ద బ్యాగ్’ అంటే బ్యాగే కనపడక వెతకడం. తెలుగులో ‘బ్యాగు వెతికాను’ అంటే రెండూ కావచ్చు, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘ఫర్’ ఒక్కటే ఆ తేడా చెబుతుంది. వెతుకుతున్న వస్తువు ముందు ‘ఫర్’, వెతుకుతున్న చోటు ముందు ఏమీ వద్దు.

సమస్య 4: ‘సఫరింగ్ విత్ ఫీవర్’, ‘మ్యారీడ్ విత్’, ‘ప్రిఫర్ టీ దాన్ కాఫీ’

జ్వరంతో బాధపడుతున్నాను అంటాం కాబట్టి ‘విత్’ వచ్చేస్తుంది. అదే వాక్యాన్ని ‘జ్వరం వల్ల’ అని మార్చి అనుకోండి, ‘ఫ్రమ్’ గుర్తొస్తుంది. జబ్బుతో చనిపోతే ‘డైడ్ ఆఫ్’. పెళ్లి చేసుకోవడానికి ‘హి మ్యారీడ్ హర్’, పెళ్లయి ఉన్నారని చెప్పడానికి ‘హి ఈజ్ మ్యారీడ్ టు హర్’, రెండింటిలోనూ ‘విత్’ లేదు. ‘కంటే’ అనగానే ‘దాన్’ వస్తుంది, కానీ ‘ప్రిఫర్ టీ టు కాఫీ’, ‘సీనియర్ టు మి’ అనాలి.

ఇదంతా చూసి తెలుగుని అడ్డంకి అనుకోకండి, చాలాచోట్ల అదే దారి చూపిస్తుంది. మీద ఆధారపడటం ‘డిపెండ్ ఆన్’, కోసం ఎదురుచూడటం ‘వెయిట్ ఫర్’. మనిషితో ఏకీభవిస్తే ‘అగ్రీ విత్’, ప్రతిపాదనకి ఒప్పుకుంటే ‘అగ్రీ టు’. వీటిని నమ్మి వాడుకోవచ్చు.

సమస్య 5: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’

ఇక్కడ విభక్తి తప్పేమీ లేదు. ‘వాంట్ టు మీట్’ చూసి చూసి ‘టు’ తర్వాత ‘మీట్’ అని రాసేస్తాం. ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదిరింది కదా, అయితే అది ప్రిపొజిషన్, తర్వాత ‘మీటింగ్’ రావాలి. ‘ఐ వాంట్ టు ఇట్’ కుదరదు, కాబట్టి అక్కడ ‘మీట్’.

‘కోప్ అప్ విత్’ కూడా ఇలాంటిదే, ‘కీప్ అప్ విత్’ విని విని ‘అప్’ అంటుకుంది. ‘కోప్ విత్’ చాలు. ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ అనవసరం.

ఆఫీసులో మాట్లాడేటప్పుడు ‘డిస్కస్ అబౌట్’ అన్నా అందరికీ అర్థమవుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ), బ్యాంకు పరీక్షల్లో తప్పు గుర్తించే ప్రశ్నల్లో ఇవే వస్తుంటాయి, ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో వ్యాకరణానికి 25 శాతం వెయిటేజీ ఉంది. అందుకే అనుమానం వస్తే ఊహించకుండా లెర్నర్స్ డిక్షనరీ తెరవండి, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కాదు. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన ఏ.ఎస్. హార్న్‌బీ, మరో ఇద్దరితో కలిసి 1942లో అలాంటి నిఘంటువు తెచ్చింది ఇంగ్లీషు పరాయి భాష అయినవాళ్ల కోసమే, ప్రతి క్రియ పక్కన ఏం రావాలో అందులో చూపించారు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితం. అర్థం చూసి మూసెయ్యకుండా కింద ముదురు అక్షరాల్లో ఉండే నమూనా చదవండి. డిస్కస్ దగ్గర ‘డిస్కస్ సమ్‌థింగ్ విత్ సమ్‌బడీ’ అని కనిపిస్తుంది: విషయం నేరుగా, మనిషి ముందు ‘విత్’. మీరు రోజూ మెయిళ్లలో వాడే క్రియలు ఓ పది తీసుకుని, ఒక్కోదానికి ఇలాంటి నమూనాతో మీ సొంత వాక్యం ఒకటి రాసి పెట్టుకోండి.